"లేచేవాణ్ణి" స్పానిష్‌లో ఎలా చెప్పాలి? సె క్రియలు, కండిషనల్

మీరు అడిగినవి మూడు. "అలారం మోగి ఉంటే లేచేవాణ్ణి" అనడానికి "సి సొనాబ ఎల్ దెస్పెర్తదోర్, మె లెబంతాబ" అని రాస్తే టీచర్ ఎందుకు కొట్టేశారు? "పెందలాడే లేవాలని ఉంది" అనడానికి రాసిన "మె గుస్తరీయ లెబంతార్సె తెంప్రానొ"లో తప్పేముంది? "మె"ని క్రియకు వెనకాల తగిలించి "లెబంతరీయమె" అనొచ్చా? మూడింటిలోనూ మీ అనుమానమంతా మె, తె, సె (నన్ను, నిన్ను, తనను అనే సర్వనామాలు) మీదే ఉంది. నాకు మాత్రం అసలు చిక్కు అక్కడ కనిపించడం లేదు. అది "లేచేవాణ్ణి" అనే మన తెలుగు మాటలో ఉంది. దాని దగ్గరికి వస్తాను, ముందు తేలికైనవి తేల్చేద్దాం.

స్పానిష్ మాటలన్నీ పలికే తీరులో రాస్తున్నాను. ఎక్కడ దీర్ఘం కనిపిస్తే అక్కడ ఊనిక అనుకోండి. నిజానికి స్పానిష్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా లేదు, ఊనిక తేడా ఒక్కటే ఉంది. "వి" అక్షరాన్ని కూడా వాళ్ళు "బ"గానే పలుకుతారు కాబట్టి లెబంతార్ అని రాశాను.

రిఫ్లెక్సివ్ క్రియల్ని, అంటే లెబంతార్సె (లేవడం) లాగా మూలరూపం చివర సె ఉండే సె క్రియల్ని, ఇంగ్లిష్ మీదుగా నేర్చుకున్నవాళ్ళు "నన్ను నేను లేపుకుంటాను" లాంటి వింత అర్థాలతో తంటాలు పడుతుంటారు. తెలుగువాళ్ళకు ఆ అవస్థ అక్కర్లేదు. మనకు "కొను" ఉంది. లబార్ అంటే కడగడం, లబార్సె అంటే కడుక్కోవడం. కొంప్రార్ కొనడం, కొంప్రార్సె కొనుక్కోవడం. కసార్సె పెళ్ళి చేసుకోవడం, సెంతార్సె కూర్చోవడం, అకొస్తార్సె పడుకోవడం, దెస్పెర్తార్సె మేలుకోవడం. అన్నింటిలోనూ "కొను" దాక్కుని ఉంది చూడండి. ఇంకొన్నిచోట్ల సె మన "పో"లాగా, "వేయు"లాగా పనిచేస్తుంది. ఈర్ వెళ్ళడం, ఈర్సె వెళ్ళిపోవడం. కెదార్సె ఉండిపోవడం. కొమేర్ తినడం, కొమేర్సె తినేయడం. "మె లొ కొమెరీయ తోదొ" అంటే "మొత్తం తినేస్తాను" అన్నంత ఊపు అందులో ఉంటుంది.

అలాగని కొను ఉన్న ప్రతిచోటా సె తగిలించకండి. నేర్చుకోవడం అప్రెందేర్, కౌగిలించుకోవడం అబ్రసార్. రెండింటికీ సె అక్కర్లేదు. తిరగేస్తే, ఫిర్యాదు చేయడంలో మనకు కొను లేదు, వాళ్ళకు సె ఉంది: కెహార్సె. క్రియను నేర్చుకునేటప్పుడే సెతో కలిపి నేర్చుకోవడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు. ఇంకో తేడా ఏమిటంటే, మన "కొను" ఎవరు చేసినా కొనుగానే ఉంటుంది, మనిషి ఎవరో చివరి ప్రత్యయం చెబుతుంది. స్పానిష్‌లో సె, క్రియ చివర రెండూ మారాలి.

కండిషనల్, అంటే "అలా అయితే చేస్తాను" అని ఊహించి చెప్పే రూపం, చాలా తేలిక. క్రియ మూలరూపాన్ని ముక్కలు చేయకుండా అలాగే ఉంచి చివర ఈయ, ఈయస్, ఈయ, ఈయమొస్, ఈయైస్, ఈయన్ అంటించడమే. అర్, ఎర్, ఇర్ అని మూడు గుంపుల గొడవ ఇక్కడ లేదు, మూడింటికీ అవే తోకలు. లెబంతార్సె అయితే: మె లెబంతరీయ, తె లెబంతరీయస్, సె లెబంతరీయ, నొస్ లెబంతరీయమొస్, ఒస్ లెబంతరీయైస్, సె లెబంతరీయన్. ఐదోది "మీరంతా" అని స్నేహితులతో అనేది. స్పెయిన్‌లో వాడతారు, లాటిన్ అమెరికాలో దానికి బదులు ఆరోదే. గౌరవంగా "మీరు" అనాలంటే ఎక్కడైనా సెతో వచ్చే రూపమే. రాసేటప్పుడు ఆరింటిలోనూ ఐ అక్షరం మీద వాలుగీత తప్పనిసరి.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మొదటి రూపం, మూడో రూపం ఒకేలా ఉన్నాయి. "నేను" అయినా "ఆమె" అయినా లెబంతరీయనే. మామూలు క్రియల్లో సందేహం వస్తే "యొ" అనో "ఎయ" అనో విడిగా చెప్పాల్సి వస్తుంది. సె క్రియల్లో ఆ పని మె, సె చేసేస్తాయి. అంటే కండిషనల్‌లో "మె" ఏదో అలంకారం కాదు, లేచేది ఎవరో చెప్పేది అదే. "మె"కి బదులు పొరపాటున "సె" అంటే వినేవాడికి మనిషే మారిపోతాడు.

మూలం మారే క్రియలు మొత్తం పన్నెండే, మిగతావి వాటి పిల్లలు. మీకు సె క్రియల్లో తరచూ తగిలేవి: పొనేర్సె నుంచి మె పొంద్రీయ, అసేర్సె నుంచి మె అరీయ, సలీర్సె నుంచి మె సల్ద్రీయ, దెసీర్సె నుంచి మె దిరీయ, కెరేర్సె నుంచి నొస్ కెర్రీయమొస్. చివరిదానితో జాగ్రత్త. "సె కెరీయన్" అంటే వాళ్ళు ఒకరినొకరు ప్రేమించుకునేవాళ్ళు, "సె కెర్రీయన్" అంటే ప్రేమించుకుంటారేమో, పరిస్థితి కలిసొస్తే. రెండు ప్రేమలకూ మధ్య ఉన్నది ఒక్క ర ఒత్తు.

వర్తమానంలో మిమ్మల్ని ఏడిపించిన అచ్చుల మార్పులు ఇక్కడ ఉండవు. మె అక్వేర్దొ అని గుర్తుపెట్టుకున్నది మె అకొర్దరీయ అవుతుంది, మె ద్వేర్మొ కాస్తా మె దొర్మిరీయ అవుతుంది. ఇందులో నాకు భలే నచ్చేది ఒకటుంది. "మె స్యేంతొ" అంటే "కూర్చుంటాను" కావచ్చు, "నాకు అనిపిస్తోంది" కావచ్చు. సెంతార్సె, సెంతీర్సె రెండూ వర్తమానంలో అక్కడ కలిసిపోతాయి. కండిషనల్‌లోకి రాగానే మె సెంతరీయ, మె సెంతిరీయ అని విడిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి.

ఈ రెండు వాక్యాలు పైకి చదవండి. "చిన్నప్పుడు రోజూ ఐదింటికి లేచేవాణ్ణి." "అలారం మోగి ఉంటే ఐదింటికి లేచేవాణ్ణి." మొదటి దాంట్లో మీరు నిజంగా లేచారు, వందలసార్లు. రెండో దాంట్లో అసలు లేవలేదు. అయినా మాట ఒక్కటే. తెలుగులో మనకు ఇందులో ఏ ఇబ్బందీ లేదు, "రోజూ", "ఉంటే" లాంటి చుట్టుపక్కల మాటలు చూసి తేల్చేసుకుంటాం. స్పానిష్ ఈ రెంటినీ ఎప్పుడూ ఒక గాటన కట్టదు. అలవాటుగా జరిగినదానికి ఇంపర్ఫెక్ట్: మె లెబంతాబ. జరగనిదానికి కండిషనల్. "లేచేవాణ్ణి"కి మీరు ముందు నేర్చుకున్న జోడీ మె లెబంతాబ. బుర్ర వెళ్ళి దాన్నే తెచ్చింది. ఇంగ్లిష్ ఆదుకుంటుందా అంటే అదీ లేదు, అక్కడ "వుడ్" కూడా ఇలాగే రెండు పడవల మీద నిలబడుతుంది.

మీ వాక్యాన్నే తీసుకోండి. "సి సొనాబ ఎల్ దెస్పెర్తదోర్, మె లెబంతాబ." వ్యాకరణం చూస్తే ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే అర్థం వేరు: "అలారం మోగితే లేచేవాణ్ణి", అంటే అప్పట్లో మోగిన ప్రతిసారీ లేచే అలవాటు ఉండేదని. మీరు చెప్పదలచుకున్నది ఒకానొక రోజు మోగలేదు, లేవలేదు అని. అలా జరిగిపోయి ఇక మార్చలేని సంగతికి కండిషనల్‌లో రెండు ముక్కల రూపం కావాలి: "సి ఉబ్యేర సొనాదొ ఎల్ దెస్పెర్తదోర్, మె అబ్రీయ లెబంతాదొ." "మె" రెండు ముక్కల మధ్యలో దూరదు, అబ్రీయకి ముందు నిలబడుతుంది. లెబంతాదొ కూడా కదలదు. చెప్పేది ఆడమనిషి అయినా మె అబ్రీయ లెబంతాదొ అనే అనాలి, లెబంతాద కాదు.

నేను మొదట్లో ఇదే గోతిలో పడ్డాను. స్పెయిన్ నుంచి వచ్చిన స్నేహితుడొకడు తన పై అధికారి అరుపుల గురించి చెప్పుకుంటున్నాడు. ఓదార్పుగా "అలాంటి బాస్ ఉంటే నాకూ బాగా కోపం వచ్చేది" అందామనుకుని "కొన్ ఉన్ హేఫె అసీ, మె ఎంఫదాబ మూచొ" అన్నాను. అతను తన కష్టం పక్కన పెట్టి, "అవునా, నీకూ అలాంటివాడు ఉండేవాడా? ఎక్కడ?" అని అడిగాడు. లేని బాస్‌ని నేనే పుట్టించానన్నమాట. మె ఎంఫదరీయ అని ఉంటే సరిపోయేది.

తప్పించుకునే ఉపాయం చెబుతాను. నోట్లోకి "లేచేవాణ్ణి" రాగానే దాని ముందు "అప్పట్లో రోజూ" పెట్టి చూడండి. అతికితే మె లెబంతాబ. అతక్కపోతే "లేచి ఉండేవాణ్ణి" అని మార్చి చూడండి. అది అతికితే మె అబ్రీయ లెబంతాదొ. ఇక ఇప్పటి సంగతో రేపటి సంగతో అయి, "నేనైతే" అని మొదలుపెట్టగలిగితే, మామూలు కండిషనల్. "నేనైతే" అన్న మాటకు స్పానిష్‌లో అచ్చంగా ఒక జోడీ ఉంది: "యొ కె తూ". "యొ కె తూ, మె కెదరీయ", నేనైతే ఉండిపోతాను. "యొ కె తూ, మె ఇరీయ", నేనైతే వెళ్ళిపోతాను. సలహా ఇవ్వడానికి ఇంతకన్నా సహజమైన వాక్యం లేదు. సె క్రియలతో కండిషనల్ సాధన చేయాలంటే ఇక్కడ మొదలుపెట్టండి.

అర్ గుంపులో మె లెబంతాబ, మె లెబంతరీయ వినడానికే వేరు కాబట్టి చెవి పట్టేస్తుంది. ఎర్, ఇర్ గుంపుల్లో ఇంపర్ఫెక్ట్ కూడా ఈయతోనే ముగుస్తుంది. మె సెంతీయ అంటే అనిపించేది, మె సెంతిరీయ అంటే అనిపిస్తుందేమో. మె దొర్మీయ, మె దొర్మిరీయ. మె పొనీయ, మె పొంద్రీయ. తేడా అంతా ఆ "ర"లో ఉంది. మూలరూపంలోని ర మిగిలిందా లేదా చూసుకోండి. మిగిలితే కండిషనల్.

దీనికి జంటగా మరో తెలుగు బుద్ధి ఉంది. "డబ్బుంటే కారు కొనుక్కుంటాను" అంటాం. డబ్బు రావొచ్చనే నమ్మకంతో అన్నా, వచ్చే దారే లేక ఊరికే కలగన్నా మాట అదే. స్పానిష్‌లో ముందు ఏదో ఒకటి తేల్చుకోవాలి. రావొచ్చు అనుకుంటే "సి తెంగొ దినేరొ, మె కొంప్రరే ఉన్ కోచె". కల అయితే "సి తుబ్యేర దినేరొ, మె కొంప్రరీయ ఉన్ కోచె". కల వాక్యంలో సి ("అయితే") ఉన్న ముక్కలో సబ్జంక్టివ్ (నిజం కానిదాన్ని ఊహించే క్రియారూపం, ఇక్కడ తుబ్యేర), ఫలితం ఉన్న ముక్కలో కండిషనల్. రెండు ముక్కల్లోనూ సె క్రియలు వస్తే రెండుచోట్లా సర్వనామం ఉండాలి: "సి మె లెబంతార తెంప్రానొ, మె సెంతిరీయ మెహోర్", పెందలాడే లేస్తే ఇంకా బావుంటుంది నాకు. లెబంతారకి బదులు లెబంతాసె అన్నా ఇక్కడ ఒకటే.

"సి మె లెబంతరీయ" అని మాత్రం అనకండి. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, బుర్గోస్ వైపు కొందరి నోట వినిపిస్తుంది కానీ ప్రామాణిక భాషలో అది తప్పు. అలాగే స్పెయిన్‌లో మాటల్లో "యొ కె తూ, మె ఈబ" అని ఇంపర్ఫెక్ట్‌తోనే సలహా ఇచ్చేవాళ్ళు కనిపిస్తారు. పైన నేను చెప్పినదానికి ఇది అడ్డం తిరిగినట్టుంటుంది. యొ కె తూ ముందుండి గొడవ లేకుండా చేస్తుంది కాబట్టి వాళ్ళకు చెల్లుతుంది. పరీక్షలో మీకు చెల్లదు.

"అని" ఉన్న వాక్యాలు ఇంకో పెద్ద ఉచ్చు, మీరు అడక్కపోయినా చెబుతాను. "జూన్‌లో పెళ్ళి చేసుకుంటానని చెప్పింది." తెలుగులో ఆమె అన్న మాటను దాదాపు అలాగే ఉంచి "అని" తగిలించాం, లోపల క్రియ ఇంకా "నేను"లోనే ఉంది. దీన్ని మాటకు మాట మారిస్తే "దీహొ కె మె కసరే ఎన్ హూన్యొ" అవుతుంది. స్పానిష్‌వాడికి అది ఎలా వినిపిస్తుందంటే, జూన్‌లో నాకు పెళ్ళవుతుందని ఆమె జోస్యం చెప్పినట్టు! సరైనది "దీహొ కె సె కసరీయ ఎన్ హూన్యొ". మె కాస్తా సె అయింది, భవిష్యత్తు కాస్తా కండిషనల్ అయింది. గతంలో నిలబడి అక్కడి నుంచి ముందుకు చూస్తున్నారు కాబట్టి కండిషనల్. 1847లో స్పానిష్ వ్యాకరణం రాసిన వెనెజ్వేలా పండితుడు ఆంద్రేస్ బెయొ ఈ రూపానికి షరతుతో ముడిపడని పేరు పెట్టాడు: పొస్ప్రెతేరితొ, అంటే గతానికి తర్వాతది. మెక్సికో పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది. నాకైతే కండిషనల్ అన్న పేరుకన్నా అదే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఈ పెళ్ళి వాక్యంలో షరతు ఏముంది?

గతం గురించి ఊహించేటప్పుడు కూడా షరతు లేకుండానే ఇది వస్తుంది. "పొర్ కే నొ బీనొ?" "సె కెదరీయ దొర్మీదొ." ఎందుకు రాలేదు? నిద్రపోయి ఉంటాడు. ఇక్కడ ఆడమనిషి గురించైతే దొర్మీద అనాలి. అబ్రీయ పక్కనున్న లెబంతాదొ కదలదన్నాను, కెదరీయ పక్కనున్నది కదులుతుంది. అబ్రీయ సహాయక క్రియ, ఇది కాదు.

మీ రెండో వాక్యం. "మె గుస్తరీయ లెబంతార్సె తెంప్రానొ"లో రెండు సర్వనామాలున్నాయి, రెండూ ఒక జాతివి కావు. మె గుస్తరీయలోని మె అంటే "నాకు". "నాకు ఇష్టం"లోని "నాకు" ఎలాగో అలాగే, సె క్రియతో దానికి సంబంధం లేదు. అనుమానం వస్తే ఆమెకి మార్చి చూడండి. "లె గుస్తరీయ" అవుతుంది కానీ "సె గుస్తరీయ" కాదు. రెండోది లెబంతార్సె చివరనున్న సె. నిఘంటువులో క్రియ సెతో ఉంటుంది కాబట్టి దాన్ని అలాగే దింపేశారు, అందరూ చేసేదే. మూలరూపంలో ఉన్నా సర్వనామం లేచే మనిషిని బట్టి మారాలి. మీరే లేవాలి కాబట్టి "మె గుస్తరీయ లెబంతార్మె తెంప్రానొ". "మనం కూర్చోవచ్చు" అంటే "పొద్రీయమొస్ సెంతార్నొస్". పొద్రీయ లాంటి క్రియలతో దాన్ని ముందుకూ తేవచ్చు: "నొస్ పొద్రీయమొస్ సెంతార్". అర్థం ఒకటే. గుస్తరీయతో అలా ముందుకు తేవడం కుదరదు, ఆ చోట్లో అప్పటికే "నాకు" కూర్చుని ఉంది.

ఒంటి భాగాల విషయంలో మాత్రం తెలుగు మనల్ని కాపాడుతుంది. "చేతులు కడుక్కుంటాను" అంటాం, "నా చేతులు" అనం. వాళ్ళూ అంతే: "మె లబరీయ లస్ మానొస్". ఇక్కడ "మిస్ మానొస్" అని రాసేది ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ళే.

ఇక మూడో ప్రశ్న, లెబంతరీయమె. రాయకండి. క్రియ కాలాన్నీ మనిషినీ చెప్పే రూపంలో ఉంటే ఈనాటి స్పానిష్‌లో సర్వనామం దాని ముందే, విడిగా ఉంటుంది. కాదు అనాలంటే "నొ" దానికన్నా ముందు వస్తుంది: "నొ మె లెబంతరీయ". మూలరూపానికీ, "దుచాందొమె" లాంటి జరుగుతూ ఉన్న రూపానికీ, "లెబాంతతె" అనే ఆజ్ఞకీ మాత్రమే వెనకాల అంటుకుంటుంది.

అయితే మీకు తట్టింది పూర్తిగా గాలిమాట కాదు. పాత సాహిత్యంలో "లెబంతరీయసె" లాంటివి దొరుకుతాయి, "అనిపిస్తుంది, అనొచ్చు" అనే అర్థంలో "దిరీయసె" గ్రాంథిక రాతల్లో ఇప్పటికీ బతికే ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే మరీ తమాషా. ఈ కండిషనల్ ఒకప్పుడు రెండు మాటలు. క్రియ మూలరూపం పక్కన "అబీయ", అదే కుదించుకుపోయి ఈయ అయింది. ఆ రెండూ పూర్తిగా అతుక్కోకముందు, మధ్యయుగాల స్పానిష్‌లో, సర్వనామం మధ్యలో దూరేది. "లెబంతార్ మె ఈయ" అన్న వరసలో. స్పానిష్ ఆ సందు మూసేసింది. పక్కింటి పోర్చుగీసు భాష గంభీరమైన రాతలో దాన్ని ఇప్పటికీ తెరిచే ఉంచింది, అక్కడ "నేను లేస్తాను, అవకాశముంటే" అనాలంటే క్రియను మధ్యకు విరిచి, "మె"ని అందులో పెట్టి, రెండు వైపులా చిన్న గీతలతో కలిపి రాస్తారు.